ఇంజను ఊపిరిలో నూనె



పాటలకును, నాటకములకును, పద్యపఠనమునకును అలవాటుపడిన ఈ వేదికపై మోటారు కారు ఇంజనును గురించి ప్రసంగమేమిటని కొందరికి వింతగా తోచవచ్చును. కాని భిలాయిలో యంత్రమును గురించి మాటలాడుట అసందర్భము కానేరదు. ఈ ఊరు యంత్రమువలననే పుట్టినది. 1955 ఫిబ్రవరి 2వ తేదీన భారత, సోవియట్ ప్రభుత్వముల మధ్య ఒడంబడిక కుదిరినది. 1959 ఫిబ్రవరి 4వ తేదీన నాటి రాష్ట్రపతి డాక్టరు రాజేంద్రప్రసాద్ ఇచటి మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. ఆ కర్మాగారమును నమ్ముకొని శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతములనుండి ఎందరో తెలుగువారు వచ్చి ఈ నేలపై స్థిరపడిరి. వారి బిడ్డలును, మనుమలును నేడు సొంత కార్లలో సెక్టార్ల వీధులలో తిరుగుచున్నారు.

ఇచటి తెలుగు కుటుంబమునకు కారు కేవలము విలాసవస్తువు కాదు. సంక్రాంతికి, పెండ్లికి, పెద్దల అనారోగ్యమునకు అదే కారులో రాయపూరు, ధమ్తరి, జగదల్పూరు మీదుగా కేశకాల్ కనుమ ఎక్కి, కోరాపుట్ దాటి, సాలూరు కనుమ దిగి విజయనగరము చేరుచుందురు. అందువలన కారు ఇంజను ఆరోగ్యము అనగా ఒకానొక దినమున తల్లి మంచము చెంతకు సకాలమున చేరగలుగుట. ఈ ప్రసంగమునకు కారణము అదియే.

ఒక ఉద్యోగి కథతో ఆరంభించుట మేలు. పేరుతో పనిలేదు, అట్టివారు ప్రతి కార్యాలయములోను కలరు. ఆయన చదువుకొన్నవాడు, జాగ్రత్తపరుడు, కాని కారు మూత ఎత్తి చూచుట తన పని కాదని నమ్మినవాడు. ఆయనది టర్బోగల డీజిలు కారు. కొంతకాలముగా ఉదయము స్టార్టు చేయగానే వెనుకనుండి నీలిపొగ వచ్చుచుండెను. కారు మునుపటివలె లాగుట లేదు. ఇంజనులో ఆయిలు తక్కువైనదేమో యని తలచి ఆయన కొలత చూడకుండనే ఒక లీటరు డబ్బా పూర్తిగా పోసివేసెను. నేయి ఎక్కువైనచో పప్పునకు రుచి పెరుగును గదా, ఆయిలు ఎక్కువైనచో ఇంజనునకు బలము పెరుగునని ఆయన ఊహ.

వారము తిరుగకమునుపే విజయనగరమునుండి కబురు వచ్చినది: తల్లిని ఆసుపత్రిలో చేర్చినారు. ఆ సాయంకాలమే బయలుదేరవలెనని ఆయన కారును వృద్ధుడైన ఒక తెలుగు మేస్త్రీ వద్దకు తీసికొనిపోయెను. మేస్త్రీ టర్బోనుండి ఇంజనుకు పోవు గాలిగొట్టమును ఊడదీసి, క్రింద ఒక స్టీలు గ్లాసు పట్టెను. నల్లని నూనె ధారగా కారి గ్లాసు సగమునకు పైగా నిండినది.

"మేస్త్రీగారూ, రాత్రికి రాత్రి ఘాటు దిగాలండి. ఎలాగో సర్ది పంపించండి," అని ఉద్యోగి బతిమాలెను.

"బాబూ, తల్లి దగ్గరికి వెళ్తున్నారు గనకే బండి ఇవ్వను. రాత్రి రైలుకి వెళ్ళిపోండి. ఈ నూనె ఇంజను తడవడానికి గాని, తాగడానికి కాదు," అని మేస్త్రీ తాళపుచెవిని తన జేబులో వేసికొనెను.

ఉద్యోగికి కోపము వచ్చినది. కాని గత్యంతరము లేక రైలెక్కెను. ఆ మేస్త్రీ ఎందులకట్లు పట్టుపట్టెనో తెలిసికొనవలెనన్న, ఇంజను ఊపిరి సంగతి కొంత తెలియవలెను.

ఇంజను తిను తిండి పెట్రోలు లేక డీజిలు అని అందరికిని తెలియును. అది అంతకంటె ఎన్నో రెట్లు గాలి పీల్చునని చాలమందికి తెలియదు. ఒక కిలో పెట్రోలు సరిగా దహనము కావలెనన్న సుమారు 14.7 కిలోల గాలి కావలెను. ఆ లెక్కను ఒక లీటరు పెట్రోలుకు సుమారు 9,000 లీటర్ల గాలి అవసరము. ఈ గాలి ఫిల్టరులో వడకట్టబడి, గొట్టములగుండా పోయి, ఇన్‌టేక్ మానిఫోల్డు అను శాఖలుగల నాళమున చీలి, వాల్వులను దాటి సిలిండర్లను చేరును. ఈ మార్గమంతయు ఇంజనునకు ముక్కు, గొంతుక వంటిది. ఇచట నుండదగినది గాలి. నూనె నివాసము వేరు. అది క్రింద ఆయిలు చాంబరులో నుండి, పంపు ద్వారా బేరింగులకును, పిస్టనులకును అంది, తిరిగి క్రిందికి చేరవలెను.

మరి క్రింద నుండవలసిన నూనె పైనున్న ముక్కులోనికి ఎట్లు వచ్చును?

పిస్టనునకు చుట్టును రింగులు గలవు. అవి ఎంత బిగువుగా నున్నను, దహనవేళ పుట్టు ఒత్తిడివలన కొంత వాయువు వాటి సందులగుండా క్రిందనున్న క్రాంక్ కేసులోనికి జారును. ఆ వాయువునందు కాలని ఇంధనము, నీటియావిరి, ఆమ్లగుణముగల పదార్థములు కలసియుండును. క్రాంక్ షాఫ్టు తిరుగు వేగమునకు చిమ్మబడిన నూనె తుంపరలును ఆ వాయువుతో కలియును. దీనిని బయటికి విడువనిచో ఒత్తిడి పెరిగి సీళ్ళను త్రోసికొని నూనె కారును. కావున దానికొక దారి చూపవలెను.

పూర్వము ఆ దారి తిన్నగా వీధిలోనికి ఉండెడిది. క్రాంక్ కేసునుండి ఒక గొట్టము నేలవైపు వ్రేలాడుచు ఆ వాయువును రోడ్డుపై విడిచెడిది. 1950వ దశకమున అమెరికాలోని కాలిఫోర్నియాలో పనిచేసిన శాస్త్రజ్ఞుడు ఆరీ హాగెన్-స్మిట్, లాస్ ఏంజెల్స్ నగరమును క్రమ్ముచుండిన విషపు పొగమంచునకు కారణమును విప్పి చెప్పెను. వాహనములనుండియు, ఇతర స్థానములనుండియు వెలువడు హైడ్రోకార్బనులు, నైట్రోజన్ ఆక్సైడులు సూర్యకాంతిలో కలసి చేయు మార్పులే దానికి మూలమని తేలినది. ఆ తరువాత 1960వ దశకపు ఆరంభమున అచట కొత్త కార్లకు పి.సి.వి. వాల్వు అను సాధనము వచ్చినది. క్రాంక్ కేసు వాయువును వీధిలోనికి విడువక, మరల ఇంజను పీల్చు గాలిలోనికే మరలించి సిలిండరులో కాల్చివేయుట దీని పని.

భిలాయి వాసులకు ఈ ఉపాయము కొత్తది కాదు. ఇచటి కర్మాగారమునందు జరుగు పనియు ఇట్టిదే. బ్లాస్టు ఫర్నేసునుండి వచ్చు వాయువును వృథాగా పోనీయక, మొదట డస్టు క్యాచరులో ముతక దుమ్మును రాల్చి, పిదప నీటితో కడిగి, ఆ శుభ్రమైన వాయువును స్టవ్వులలో మండించి ఫర్నేసునకు పంపు గాలిని వేడిచేయుదురు. కోకు బట్టీల వాయువునుండి తారును, ఇతర పదార్థములను వేరుచేసిన పిదపనే ఇంధనముగా వాడుదురు. కడుగకుండ పంపినచో గొట్టములు పూడుకొనిపోవునని కర్మాగారమున పనిచేసిన ప్రతి తాతకును తెలియును. వేరుచేయుము, పిదప కాల్చుము: ఇదియే సూత్రము. ఆ తాత మనుమని కారులోనున్న ఆయిలు సెపరేటరు చేయవలసిన పనియు అదే. వాయువునుండి నూనె బొట్టులను వేరుచేసి క్రిందికి పంపవలెను. వాయువును మాత్రమే పైకి పోనీయవలెను. ఈ వేరుచేయు పని చెడినచో ఇంజను ఊపిరిలో నూనె చేరును.

నూనె చొచ్చు ద్వారములు ముఖ్యముగా ఐదు.

మొదటిది, పి.సి.వి. వాల్వు లేక సెపరేటరు చెడుట. వాల్వు తెరచుకొని బిగిసిపోయినచో ఇంజను అతిగా పీల్చి నూనెను లాగికొనును. మూసికొని బిగిసినచో క్రాంక్ కేసులో ఒత్తిడి పెరిగి, నూనె సీళ్ళగుండా కారును, బ్రీతరు గొట్టమున పైకి తన్నును.

రెండవది, ఆయిలు కొలతకు మించుట. తిరుగు క్రాంక్ షాఫ్టు ఆ నూనెను చిలికి నురుగుగా మార్చును. ఆ నురుగును, తుంపరను సెపరేటరు ఆపజాలదు. మన ఉద్యోగి చేసినది ఈ తప్పే.

మూడవది, ఎయిర్ ఫిల్టరు పూడుకొనిపోవుట. ముక్కు మూసికొన్న మనుష్యుడు ఎంత బలముగా పీల్చునో ఇంజనును అంత బలముగా పీల్చును. ఆ లాగుడునకు బ్రీతరు గొట్టమునుండి, టర్బో సీళ్ళనుండి నూనె వచ్చును. పారిశ్రామికనగరపు ధూళిలో తిరుగు కారునకు ఈ ప్రమాదము హెచ్చు.

నాల్గవది, టర్బో. అందలి చక్రము నిమిషమునకు లక్షకు మించిన చుట్లు తిరుగును. దాని బేరింగులకు నూనె ఎడతెగక అందవలెను. పని ముగిసిన నూనె తనంతట క్రిందికి జారవలెను. ఆ తిరుగు గొట్టము పూడినచో నూనె దారిలేక సీలును దాటి గాలిమార్గమున పడును.

ఐదవది, అరిగిన వాల్వు సీళ్ళు, అరిగిన పిస్టను రింగులు. ఇది వయస్సు తెచ్చు రోగము.

ఇట్లు చేరిన నూనె చేయు హాని ఏమి? సన్నని నూనెపొర గొట్టములో కనబడినంత మాత్రమున భయపడనక్కరలేదు. అది దాదాపు ప్రతి ఇంజనులోను ఉండును. హెచ్చినప్పుడే చిక్కు. డీజిలు ఇంజనులో పొగను కొంత తిరిగి గాలిలోనికి పంపు ఏర్పాటు కలదు. ఆ పొగలోని మసి, ఈ నూనె కలసి తారువలె గట్టిపడి మార్గమును ఇరుకు చేయును. సిలిండరులోనికే నేరుగా పెట్రోలు చిమ్ము నూతన ఇంజనులలో, పెట్రోలు వాల్వుల వెనుకభాగమును కడుగు అవకాశము లేదు. అందువలన నూనె అచట మాడి బొగ్గుగా పేరుకొనును. నూనె కలిసిన పెట్రోలు ఇంజనులో టకటక శబ్దము పుట్టించును. నూనెలోని భాస్వరము, జింకు కాలక్రమమున పొగగొట్టమునందలి క్యాటలిటిక్ కన్వర్టరును చెరచును. గాలిని కొలుచు సెన్సారుపై నూనె అంటినచో లెక్క తప్పి, కారు గతుకుచు నడుచును.

వీటన్నిటికంటె భయంకరమైనది డీజిలు ఇంజను అదుపు తప్పుట. గాలిమార్గమున నూనె విశేషముగా చేరినప్పుడు ఇంజను ఆ నూనెనే ఇంధనముగా తీసికొని తనంతట వేగము హెచ్చించుకొనును. తాళపుచెవి త్రిప్పినను ఆగదు, ఏలయనగా ఆగినది డీజిలు మాత్రమే, నూనె ఆగలేదు. ఇట్టిది సాలూరు కనుమ మలుపులో అర్ధరాత్రివేళ జరిగినచో కారులోని భార్యాబిడ్డల గతి ఏమి? ఆ మేస్త్రీ జేబులో వేసికొన్నది తాళపుచెవి మాత్రమే కాదు. ఒక కుటుంబపు క్షేమము.

అట్టి ఆపద ఎవరికైన సంభవించినచో, చేతిగేర్ల కారైనచో కారును నిలిపి బ్రేకును గట్టిగా త్రొక్కి, పెద్ద గేరు వేసి క్లచ్చి వదలవలెను; ఇంజను ఉక్కిరిబిక్కిరియై ఆగుటకు అవకాశము కలదు. ఆగనిచో అందరును దిగి దూరముగా పోవలెను. గాలిగొట్టము నోట చేయి పెట్టరాదు. ఆ లాగుడు చేతిని గాయపరుపగలదు.

ఇక నివారణోపాయములు. ఇవి ఖర్చుతో కూడినవి కావు, అలవాటుతో కూడినవి.

పదునైదు దినములకొకసారి, దూరప్రయాణమునకు ముందు తప్పక, డిప్ స్టిక్ చూడవలెను. కారు చదునైన నేలపై నుండవలెను. ఇంజను ఆపి కొన్ని నిమిషములు ఆగవలెను. నూనె రెండు గుర్తుల నడుమ నున్నచో చాలును. తక్కువైనచో కొద్దికొద్దిగా పోసి మరల చూడవలెను. పై గుర్తు దాటినచో అదనపు నూనెను తీయించవలెను. పోయకయే నూనె మట్టము పెరిగినచో అది శుభసూచకము కాదు. 2020 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చిన బి.ఎస్. 6 ప్రమాణముల డీజిలు కార్లలో మసి వడపోత తన్ను తాను శుభ్రపరచుకొను పని మాటిమాటికి మధ్యలో ఆగినచో డీజిలు నూనెలో కలసి మట్టము పెంచును.

ఇచట భిలాయి ఉద్యోగి ప్రత్యేకముగా గమనింపదగిన విషయము కలదు. ఇంటినుండి కార్యాలయము రెండు మూడు కిలోమీటర్లు. ఇంజను వేడెక్కకమునుపే ప్రయాణము ముగియును. పుష్య మాసపు చలిలో క్రాంక్ కేసులోని ఆవిరి నీరై నూనెతో కలసి, ఆయిలు మూత క్రింద మీగడవంటి తెల్లని పదార్థముగా కనబడును. అదియే గొట్టములలోను, పి.సి.వి. వాల్వులోను చేరి వాటిని పూడ్చును. వారమునకొకసారియైన కారును అరగంటసేపు పెద్దరోడ్డుపై నడిపినచో ఆ తేమ ఆరిపోవును. కూరగాయల సంచికి కారు తీయువారు ఆ పనికి సైకిలు తీసినచో ఇంజనుకును మేలు, మోకాళ్ళకును మేలు.

ఎయిర్ ఫిల్టరును కంపెనీ చెప్పిన గడువుకంటె కొంత ముందుగనే మార్పించుట దుమ్ముగల ప్రాంతమున వివేకము. నూనె పట్టించి వాడు గుడ్డ ఫిల్టరులను కొందరు కోరి వేయించుకొందురు. వాటికి నూనె ఎక్కువ పట్టించినచో అదియే సెన్సారుపై అంటును. కాపలావాడే దొంగ అగును.

ఆయిలు కారు పుస్తకములో చెప్పిన రకమే, చెప్పిన గడువుకే మార్పించవలెను. నూనె పాతబడినచో గొట్టములు పూడును. ఆయిలు మార్చిన ప్రతిసారి బ్రీతరు గొట్టములు పగిలినవేమో, మెత్తబడినవేమో చూడుమని మేస్త్రీని అడుగవలెను. టర్బోగల కారును కనుమ ఎక్కించిన వెంటనే ఆపరాదు. ఒక నిమిషము నిలకడగా నడువనిచ్చి పిదప ఆపవలెను.

కనుమదారియే ఒక పరీక్ష కూడ. పెట్రోలు కారు కనుమ దిగునప్పుడు యాక్సిలరేటరుపైనుండి కాలు తీయగా లోపల లాగుడు మిక్కిలి హెచ్చును. దిగువకు చేరి మరల త్రొక్కిన క్షణమున గుప్పున నీలిపొగ వచ్చినచో వాల్వు సీళ్ళు అరిగినవని అనుమానింపవచ్చును. ఎక్కునప్పుడు ఎడతెగక నీలిపొగ వచ్చినచో రింగులనో, టర్బోనో శంకింపవలెను. నల్లపొగ వేరు, అది గాలి చాలమిని, ఇంధనము మిక్కుటమగుటను తెలుపును. వెనుక సీటులోని పిల్లలకు ఈ పొగ చూచు పని అప్పగించినచో వారు దానిని ఆటగా చేయుదురు.

క్యాచ్ క్యాను అను చిన్న డబ్బాను గూర్చి యువకులు తరచుగా ప్రశ్నింతురు. బ్రీతరు గొట్టము దారిలో దీనిని అమర్చినచో నూనె బొట్టులు అందులో నిలుచును. ఇది మంచిదే, కర్మాగారపు డస్టు క్యాచరునకు చిన్న తమ్ముడు వంటిది. కాని దానిని ఖాళీ చేయుట మరచినచో నిండి అదియే నూనెను పంపును. దాని రెండవ గొట్టమును గాలిలోనికి తెరచి విడుచుట తప్పు. అట్లు చేసినచో పూర్వపు విషవాయువును మరల వీధికి తెచ్చినట్లగును. బ్రీతరును బిరడాతో మూయుట అంతకంటె పెద్ద తప్పు. గ్యారంటీ గడువులోనున్న కారునకు కంపెనీవారి నడుగక ఏమియు చేర్పరాదు. డబ్బాలో నూనె వేగముగా నిండుచున్నచో రోగము వేరొకచోట నున్నదని గ్రహింపవలెను. డబ్బా రోగమునకు మందు కాదు.

తీసిన పాత నూనెను కాలువలో పోయరాదు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమావళి దానిని ప్రమాదకర వ్యర్థముగా లెక్కించినది. అనుమతిగల సేకరణదారునకు చేరునట్లు గ్యారేజీవారికి ఇచ్చుట పౌరధర్మము.

ప్రభుత్వ కార్యాలయములలో ప్రతి స్టాఫు కారునకు లాగ్ బుక్కు కలదు. ప్రభుత్వపు కారునకు చూపు శ్రద్ధ సొంత కారునకు చూపుట ఎందులకు కూడదు? పది రూపాయల నోటుపుస్తకము చాలును. తేదీ, కిలోమీటర్లు, నూనె మట్టము, పోసినచో ఎంత, ఫిల్టరు మార్చిన దినము: ఈ ఐదు గడులు చాలును. నెలలు గడచినకొలది ఆ పుస్తకము ఏ మేస్త్రీ చెప్పలేని సంగతిని చెప్పును; నూనె ఎప్పటినుండి తగ్గుచున్నదో, ఎంత వేగముగా తగ్గుచున్నదో చూపును. గృహిణులు పాలలెక్క వ్రాసినంత తేలికగా దీనిని వ్రాయవచ్చును.

ఇక ఆ ఉద్యోగి సంగతి. మరునాటి ఉదయము ఆయన విజయనగరము చేరెను. తల్లి కన్నులు తెరచి, "ఎలా వచ్చావు నాయనా?" అని అడిగెను. "రైల్లో వచ్చానమ్మా" అని ఆయన చెప్పెను. "మంచిపని చేశావు, ఆ కొండదారి రాత్రిపూట వద్దు," అని ఆమె మరల కన్నులు మూసికొనెను. పది దినములకు ఆమె కోలుకొని ఇల్లు చేరెను.

భిలాయికి తిరిగివచ్చిన ఉద్యోగి తిన్నగా మేస్త్రీ వద్దకు పోయెను. అదనపు నూనె తీయబడినది. ఇంటర్ కూలరు కడుగబడినది. పూడిన ఫిల్టరును, పగిలిన బ్రీతరు గొట్టమును మార్చబడినవి. ఉద్యోగి సొమ్ము చెల్లించి, కొంతసేపు ఊరక నిలిచి, "మేస్త్రీగారూ, ఆ కొలత ఎలా చూడాలో ఒకసారి చూపించండి," అని అడిగెను. వృద్ధుడు పుల్లను తీసి గుడ్డతో తుడిచి ఆయన చేతికే ఇచ్చెను. "మీరే చూడండి బాబూ. చూసిన చెయ్యి మరిచిపోదు."

చదువుకొన్నవాడు చేతిపని చేయువానినుండి నేర్చుకొనుటలో చిన్నతనము లేదు. ఈ సభనుండి ఇంటికి పోయిన పిదప రేపటి ఉదయమున, ఇంజను చల్లగా నున్న వేళ, ప్రతి కుటుంబమును తమ కారు మూత ఎత్తి ఆ పుల్లను ఒకసారి తీసి చూచినచో ఈ ప్రసంగము సార్థకమగును. సంక్రాంతికి ఇచటినుండి బయలుదేరిన ప్రతి కారును ఏ నీలిపొగయు లేక కనుమలు దాటి, ముంగిట ముగ్గు ముందర క్షేమముగా ఆగుగాక!